తెల్లచీరలో రెండో గొంతు

కచేరీకి వెళ్ళేముందు అద్దం ముందు నిలబడి తీరిగ్గా తయారవడం నాకిష్టం. హేతువాది అంటే నలిగిన బట్టలు, దువ్వని తల అని ఎవరు తీర్మానించారో తెలియదు గానీ, మా చర్చావేదికలో కూడా ఆ నమ్మకం బలంగానే ఉంది. అన్ని నమ్మకాలనూ ప్రశ్నించడానికే నెలకోసారి కూర్చునే మేము ఈ ఒక్కదాన్ని ఎందుకు వదిలేశామో నాకర్థం కాదు. ఉన్నది ఒకటే శరీరం, ఒకటే బతుకు అని వాదించేవాళ్ళు దానికి మంచి చీర కట్టకపోతే ఇంకెవరు కడతారు?

ఆ రోజు మధ్యాహ్నం భోజనం కాగానే మొదలుపెట్టాను. ఇటుకరంగు నేతచీర, గంజి పెట్టి ఇస్త్రీ చేసింది. ఈ దీవుల ఉక్కలో గంజిచీర కట్టడం తెలివైన పని కాదు. బస్సు దిగేలోపు సగం గంజి చెమటకే పోతుంది. అయినా కట్టాను. కుచ్చిళ్ళు నచ్చక విప్పి మళ్ళీ పెట్టాను. చెవులకు వెండి బుట్టలు, మెడలో చెక్కపూసల దండ. బొట్టు పెట్టుకోను. చిన్నప్పుడు మా చర్చి వద్దంది కాబట్టి కాదు, నాకు అక్కర్లేదు కాబట్టి. ఆ తేడా చూసేవాళ్ళ కంటికి కనపడదు.

కచేరీ నాలుగింటికి. మాకు పొద్దు తొందరగా వాలుతుంది కనుక ఏ కార్యక్రమమైనా వెలుగుండగానే మొదలవుతుంది. హాడోలో పోర్టు క్వార్టర్ల వెనక ఒక పాత హాలుంది. పెళ్ళి విందులు, క్యారమ్స్ పోటీలు, యూనియన్ మీటింగులు అన్నీ అందులోనే. ఆ సాయంత్రం అక్కడ పాడుతున్నది మా తెలుగు చర్చి క్వయర్. నేను పుట్టిన చర్చి అది. కాలేజీ చదువుకి వైజాగ్ వెళ్ళి, అక్కడి చర్చల్లో నానా ప్రశ్నలూ నేర్చుకుని, తిరిగొచ్చాక గడప తొక్కనిది కూడా అదే. క్వయర్‌ను నడిపేది మా చెల్లి. చర్చి గోడలు దాటి బయటి హాల్లో పాడటం వాళ్ళకి అదే మొదటిసారి.

నేను వెళ్ళింది ఒక్క పాట కోసం. అది చెల్లి కట్టిన పాట. మా నాన్న హాడో వార్ఫ్‌లో ఓడల తాళ్ళు కట్టే పని చేసేవాడు. ఓడ కదిలేటప్పుడు వేసే కూత వినపడిందంటే ఆయన పని ముగిసినట్టు. చిన్నప్పుడు మేమిద్దరం క్వార్టర్ మెట్ల మీద కూర్చుని ఆ కూత మీద ఏవో మాటలు అల్లి పాడుకునేవాళ్ళం. చెల్లి పైగొంతు, నేను కిందిగొంతు. పెద్దయ్యాక చెల్లి దాన్నే పూర్తి పాటగా కట్టింది. అందులో దేవుడి పేరు ఎక్కడా లేదు. అదే చిక్కు. మా అమ్మకు తమ్ముడు, సంఘపెద్ద అయిన మా మావయ్య, ఆ పాటను అంతకుముందు రెండు కార్యక్రమాల్లోంచి కొట్టేశాడు. ఈసారి చర్చి కాదు, హాలు కదా అని చెల్లి పట్టుబడితే, చివరి అంశంగా పెట్టుకోమని సగం మనసుతో ఒప్పుకున్నాడు. ఇప్పుడు కూడా ఏదైనా అడ్డం పడితే అది దేవుడి చిత్తం కాదని తేల్చేస్తాడనీ, ఆ పాట ఇక ఎప్పటికీ లేవదనీ చెల్లికి తెలుసు. నాకూ తెలుసు.

హాల్లోకి అడుగుపెట్టగానే నాకు ఊపిరాడలేదు. ఉన్నది ఒకటే తలుపు, అది వేదిక పక్కన. లోపలికి వెళ్ళి కూర్చున్నాక బయటికి రావాలంటే పాడేవాళ్ళ ముందు నుంచే రావాలి. మూడో వరసలో మా చర్చావేదిక మిత్రుడు నాకు కుర్చీ ఆపి ఉంచాడు. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చిన మత్స్యకారుల బిడ్డ. వండూర్‌లో పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. జాతకాలను చీల్చి చెండాడటంలో నన్ను మించినవాడు. దేవుడు లేని పాట ఒకటుంది, వచ్చి విను అని నేనే పిలిచాను.

"దీదీ, మొత్తం పాటలన్నీ యినాలేటి, ఆకర్న వొస్తే సరిపోదా?" అన్నాడు.

"తలుపు ఎక్కడుందో చూశావా?" అన్నాను.

చూసి, పెద్దగా నవ్వాడు. ముందు వరసలోంచి మా అమ్మ వెనక్కి తిరిగి, నా చీర అంచు నుంచి పూసల దాకా చూసి, "బాగుంది, కానీ ఉడికిపోతావు" అన్నట్టు కొంగుతో విసురుకుంది.

అప్పుడే వేదిక వెనకున్న సామాన్ల గదిలోంచి చెల్లి తల బయటపెట్టి నన్ను చేత్తో పిలిచింది.

"అక్కా, జల్దీ రా. రంగత్‌వాళ్ళు రావట్లేదు."

"ఎందుకు?"

"బారాటాంగ్ దగ్గర కాన్వాయ్ మిస్సయిపోనారు. తర్వాత కాన్వాయ్‌లో వొచ్చేసరికి ఇక్కడ అంతా ఖతం."

ట్రంక్ రోడ్డు మీద అడవి భాగాన్ని బస్సులు విడిగా దాటకూడదు. వేళకి కట్టిన వరసలోనే దాటాలి. ఆ వరస తప్పితే ఎంత మొత్తుకున్నా ఆగాల్సిందే. రంగత్ నుంచి రావాల్సిన ముగ్గురూ కిందిగొంతు పాడేవాళ్ళు. మిగతా పాటలు వాళ్ళు లేకుండా ఎలాగోలా నడుస్తాయి. చెల్లి పాట నడవదు. ఆ పాటలో పైగొంతు ఆగిన చోటల్లా కిందిగొంతే ఓడ కూతై సాగాలి. ఆ వరస రంగత్ ముగ్గురికి ఫోన్లో పాడి పంపించింది చెల్లి. వాళ్ళూ చెల్లీ కాక అది తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆవిడ ఇటుకరంగు చీర కట్టుకుని సామాన్ల గదిలో నిలబడి ఉంది.

"ఆ ఒక్క పాటకీ వచ్చి నిలబడతాను" అన్నాను.

గదిలో మడతకుర్చీల మధ్య కూర్చుని పాటల వరస చూసుకుంటున్న మావయ్య తలెత్తాడు. మెత్తని మనిషి. నా వ్యాసాల్లో నేను తిట్టే పెద్దల్లా ఉండడు. అదే ఆయనతో వచ్చిన ఇబ్బంది.

"తెల్లచీర యూనిఫారం కాదమ్మా, ప్రార్థన చేసి ఇచ్చిన వస్త్రం. కట్టినవాళ్ళు మొదటి పాట నుంచి చివరి పాట దాకా పాడాలి. ఒక్క లోకం పాట కోసం కట్టడానికి లేదు."

"నేను ఈ చీరలోనే పాడతాను మావయ్యా."

"అందరూ తెల్లగా ఉన్న వరసలో ఒక్కదానివి ఎర్రగానా? అలాగైతే ఆ పాట మానేద్దాంలే. బస్సు ఆగిపోయిందంటే అర్థం ఏమిటో ఆలోచించండి."

నా నాలుక చివరికి జవాబు వచ్చేసింది. బస్సు ఆలస్యమైతే దేవుడి చిత్తం, వేళకొస్తే దేవుడి కృప. ఏ బస్సూ ఓడించలేని వాదం అది. కానీ చెల్లి నా వైపు చూస్తోంది. నన్ను బతిమాలటం లేదు, వారించటం లేదు. కచేరీ మొదలుకాక ముందే చివరి పాట పోయిన మనిషిలా చూస్తోంది.

నమ్మని మాటను పాడటం అబద్ధమాడటమే అని నేను రాసి ఉన్నాను. అచ్చయింది. నా మిత్రుడు చదివాడు. అతను మూడో వరసలో ఉన్నాడు.

"చీర ఇవ్వు" అన్నాను.

మావయ్య బయటికి వెళ్ళాక నా గంజిచీర విప్పి కుర్చీ మీద వేశాను. అంత శ్రద్ధగా కట్టిన చీర హాల్లో కాసేపే బతికింది. పూసలు, బుట్టలు కూడా తీయమంది చెల్లి. తీశాను. తెల్లచీర సరే, జాకెట్టు దగ్గర వచ్చింది తంటా. ఉన్నవి రంగత్ ముగ్గురి కోసం కుట్టించి ఉంచినవే, వాళ్ళవి బక్కపలచటి ఒళ్ళు. నాకు వీపు మీద హుక్కులు కలవలేదు. చెల్లి రెండు అంచులనూ దగ్గరికి లాగి, వరసగా పిన్నీసులు పెట్టి, పైన కొంగు కప్పింది.

"గట్టిగా ఊపిరి పీల్చకు, ఊడతాయి" అంది.

"పాడేదాన్ని పట్టుకుని ఊపిరి పీల్చకు అంటావేమే?"

"కొంచెం కొంచెం పీల్చు. చేతులు మాత్రం ఎత్తకు, ప్లీజ్."

అలా, చేతులెత్తలేని, నిండుగా ఊపిరి తీయలేని, సొంతంగా విప్పుకోలేని బట్టలో వేదిక ఎక్కాను. ముందు వరసలో అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మూడో వరసలో మా మిత్రుడు ముందు నన్ను, తర్వాత నా కోసం ఆపిన ఖాళీ కుర్చీని, మళ్ళీ నన్ను చూశాడు. అతను లేచి వెళ్ళిపోదామన్నా తలుపు నా పక్కనే ఉంది.

మొదటి పాట ఎత్తుకున్నారు. పక్కన నిలబడ్డ అమ్మాయి ఫోన్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పాట చూసుకుంటోంది. నాకు ఏదీ చూడనక్కర్లేదు. చరణం వెనక చరణం అదే వస్తోంది. మెదడు ఒప్పుకోని ప్రతి మాటా గొంతులో సిద్ధంగా ఉంది. చిన్నప్పుడు నేర్పిన పాటకీ చిన్నప్పుడు నేర్పిన భయానికీ ఒకటే దారి అని నేను వేదికల మీద చెబుతుంటాను. ఆ దారి ఎంత వెడల్పో ఆ సాయంత్రం తెలిసింది.

ఇంకో సంగతి కూడా దాచకూడదు. నాకు బాగుంది. కీబోర్డు మొదటి మెట్టు వేయగానే నాలుగు గొంతులు నాలుగు దారుల్లో బయల్దేరి ఒక చోట కలుస్తాయి చూడండి, అక్కడ ఛాతీలో ఏదో కదులుతుంది. అది గాలి చేసే పని. ఒక కంపనం ఇంకో కంపనంతో లెక్క కలిపిన సుఖం. దానికి ఏ దేవుడూ అక్కర్లేదు. ఈ మాట నాకు నేను మూడు పాటల పొడుగునా చెప్పుకున్నాను. చిన్న హాలు కావడంతో ప్రతి గొంతూ గోడకి తగిలి తిరిగి మా మీదికే వచ్చేది. ఎదురుగా కూర్చున్న వార్ఫ్ కూలీలు, నర్సులు, స్కూలు టీచర్లు కళ్ళు మూసుకుని ఊగుతున్నారు. నేను మాత్రం ఊగలేదు. పిన్నీసులు ఊగనివ్వలేదు.

ఆఖరి పాట వంతు వచ్చింది. చెల్లి మైకు దగ్గరికి నడిచింది. కానీ ఆమె కంటే ముందు మావయ్య వెళ్ళి మైకు పట్టుకున్నాడు.

"ఈ దినం మనకొక సంతోషం" అన్నాడు. "చాలా ఏళ్ళు దూరంగా ఉన్న మన బిడ్డ ఈ సాయంత్రం తెల్లచీర కట్టి మన మధ్య నిలబడింది. ఎవరూ బలవంతం చెయ్యలేదు. ఎవరూ పిలవలేదు. రావాల్సిన బస్సు రాలేదు, రాననుకున్న బిడ్డ వచ్చింది. ఆయన పని ఆయన ఎలా చేస్తాడో చూడండి!"

హాలంతా స్తోత్రం అంది. చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. వెనక వరసలో ఎవరో ముసలావిడ ఏడుస్తోంది. మా మిత్రుడు ఏడవటం లేదు, నవ్వటం లేదు. మోచేతులు మోకాళ్ళ మీద ఆన్చి ముందుకు వంగాడు. నేనేం చెబుతానో వినడానికి.

జవాబు నాకు తెలుసు. నాకు మాట తడబడదు, సభాభయం లేదు. నన్ను పిలిచింది మా చెల్లి, బలవంతం చేసింది మీ షరతు, బస్సును ఆపింది కాన్వాయ్ వేళలు. మూడు ముక్కలు. మైకు నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. కానీ నేను ఆ నాలుగడుగులూ వేస్తే తర్వాత జరగబోయేది కచేరీ కాదు, చర్చ. చర్చ మొదలయ్యాక ఇక పాట ఉండదు. మావయ్య మైకు చెల్లి చేతికి ఇవ్వకుండా ఇంకా పట్టుకునే ఉన్నాడు, నా మొహం చూస్తూ. నేను నోరు మూసుకున్నాను. అప్పుడిచ్చాడు.

చెల్లి ఎత్తుకుంది.

ఓడ కూసిందంటే ఎసరు పెట్టింది అమ్మ
మెతుకు ఉడికేలోపు మెట్లెక్కె నాన్న

రెండో పాదం చివర ఆమె ఆగింది. నేను కిందనుంచి కూత అందుకున్నాను. నిండుగా సాగాల్సిన స్వరం అది. నాకున్నది సగం ఊపిరి. మధ్యలో తెగుతుందని భయపడ్డాను. చెల్లి నా వైపు తిరగకుండానే నా ఊపిరి విన్నది. వేగం తగ్గించి, నేను తెగబోయే చోటికి కాస్త ముందే తన గొంతు తెచ్చి పెట్టింది. మెట్ల మీద కూర్చున్నప్పుడు కూడా అలాగే చేసేది. మిగతావాళ్ళు పాడటం మానేసి వింటున్నారు. హాల్లో స్తోత్రం అన్నవాళ్ళెవరూ ఇప్పుడు ఏమీ అనలేదు. చివరి కూత గోడల్లోకి ఇంకిపోయింది. చప్పట్లు వార్ఫ్ కూలీలు కూర్చున్న వైపు నుంచి మొదలయ్యాయి. "ఏక్ బార్ ఔర్!" అని ఎవరో అరిచారు. మళ్ళీ పాడాం.

టీ, సమోసాల దగ్గర మావయ్యను పట్టుకున్నాను.

"మావయ్యా, నేను తిరిగి రాలేదు. పాట పాడటానికి వచ్చాను. నువ్వు చెప్పింది నిజం కాదు."

ఆయనకు కోపం రాలేదు. నా భుజం తట్టాడు. "అందరూ మొదట్లో అలాగే అంటారమ్మా."

ఇక ఏమని వాదించాలి? ఔనంటే ఔను, కాదంటే అదీ ఔనే. నా జీవితంలో ఎన్నో తలుపులు తన్ని తెరిచాను గానీ, తలుపే లేని గదిలో నన్ను పెట్టింది ఆయనొక్కడే.

మా మిత్రుడు నా దగ్గరికి వచ్చి టీ గ్లాసు ఊదుకుంటూ నిలబడ్డాడు.

"పాట అచ్చా ఉంది దీదీ. నిజం సెప్తన్నాను. మరి వొచ్చే మీటింగులో నువ్వే మాట్లాడాలి."

"దేని మీద?"

"నమ్మని మాట పాడటం మీద" అన్నాడు. వెక్కిరింపు కాదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

అమ్మ మాత్రం ఈ గొడవలేవీ పట్టించుకోలేదు. "నువ్వేం మారలేదని నాకు తెలుసులే" అంది నా వైపు చూసి. తర్వాత చెల్లి వైపు తిరిగి, "కూత యిని నేనెప్పుడు ఎసరు పెట్టానే? స్టవ్ రొదలో ఏం వినపడతాది? పక్క క్వార్టర్ దీదీ కేకేస్తే పెట్టేదాన్ని. తెలీకపోతే అడగొచ్చుగా" అంది. కళ్ళు మాత్రం తుడుచుకుంటూనే ఉంది.

సామాన్ల గదిలో చెల్లి నా వెనక నిలబడి పిన్నీసులు తీస్తోంది. ఆమె మొహం నాకు కనపడదు.

"మావయ్య అలా చెబుతాడని నీకు ముందే తెలుసా?" అన్నాను.

ఒక పిన్నీసు తీసి పక్కన పెట్టింది.

"నువ్వు చీర మార్చుకున్నాక అడిగాడు. దీన్ని అక్కడ నిలబెడితే జనానికి నేనేం చెప్పాలీ, మన మీద రాస్తుంది కదా అన్నాడు. ఏం కావాలంటే అది చెప్పుకో మావయ్యా, పాట మాత్రం తియ్యకు అన్నాను."

"నన్ను అమ్మేశావు."

"అవునక్కా."

"నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే ఒప్పుకుందువా?"

నేను లేదన్నాను. ఇంకో పిన్నీసు తీసింది. తీస్తూనే అంది, "నీకు మాట్లాడటానికి ఎన్నో చోట్లున్నాయి. మీ మీటింగులున్నాయి, పత్రికలున్నాయి. రేపు రాసి తిట్టుకో ఆయన్నీ నన్నూ. నాకు ఆ ఒక్క పాటే ఉంది. ఈ రోజు పోతే పోయేది."

వాదనగా దాన్ని ఖండించడం కష్టమేమీ కాదు. ఒకరి పాట కోసం ఇంకొకరి నిజాన్ని తాకట్టు పెట్టే హక్కు ఎవరికీ లేదు. మతం చేసేది సరిగ్గా అదే. ఇవన్నీ నాకు వచ్చు. కానీ ఆమె ఆ మాటలంటూనే, నాకు గుచ్చుకోకుండా ప్రతి పిన్నీసు కిందా తన వేలు అడ్డం పెట్టి తీస్తోంది. నా వీపుకి తెలుస్తోంది. జాకెట్టు వదులైంది. చాలాసేపటి తర్వాత నిండుగా ఊపిరి తీసుకున్నాను. ఇటుకరంగు చీర కుర్చీ మీద నలిగి ఉండలా పడి ఉంది.

రంగత్‌లో ఆ పాట గురించి విన్నారట. అక్కడి సంఘం క్వయర్‌ను పిలిచింది. మావయ్య ఈసారి అభ్యంతరం చెప్పలేదు. పాటను తానే వరసలో చేర్చాడు. ఒకటే షరతు: అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నిలబడాలి. కిందిగొంతు పాడే ముగ్గురూ రంగత్‌లోనే ఉన్నారు కదా, ఈవిడ ఎందుకు అని ఎవరో అడిగితే, సాక్ష్యం ఆ పాటలో లేదు, ఆ మనిషిలో ఉంది అన్నాడట.

నేను వెళ్తే ఆయన మాట నిజమని ఒప్పుకున్నట్టు. వెళ్ళకపోతే పాట పోతుంది. మా చర్చావేదికలో ఈ సమస్య పెట్టాను. రెండు గంటలు వాదించుకున్నారు. మా మిత్రుడు నా వైపు ఒకసారి, నాకు ఎదురుగా ఒకసారి మాట్లాడాడు. తేలలేదు.

చెల్లి నన్ను ఇంతవరకూ అడగలేదు. రోజూ ఫోన్ చేస్తోంది. అక్కడ వానెలా ఉందంటుంది, అమ్మ మందులు వేసుకుంది అంటుంది. నేను కూడా వాన గురించే చెబుతున్నాను.